తీగ ఇచ్చిన నాలుగు హామీలు

సీరియల్-టు-ఈథర్‌నెట్ కన్వర్టర్ అరచేతిలో ఇమిడిపోయే పెట్టె. ఒక వైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు, రెండో వైపు నెట్‌వర్క్ కేబుల్ పెట్టే సాకెట్. సీరియల్ వైపు వేబ్రిడ్జి ఇండికేటరో, కరెంటు మీటరో, ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే పీఎల్‌సీయో ఉంటుంది. ఈథర్‌నెట్ వైపు ఎక్కడో ఆఫీసు గదిలో ఒక కంప్యూటర్. పెట్టెకు తెర ఉండదు, కీబోర్డు ఉండదు. దాన్ని సెట్ చేయాలంటే బ్రౌజర్‌లో 192.168తో మొదలయ్యే అడ్రసు కొట్టాలి. గడులతో నిండిన పేజీ ఒకటి వస్తుంది. బాడ్ రేటు 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, టీసీపీ సర్వర్, పోర్టు 4001 అని నింపి, సేవ్ కొట్టి, పెట్టెను రీస్టార్ట్ చేస్తే పని అయిపోతుంది. ఆ పని చేసేవాళ్లకు ఇది పది నిమిషాల వ్యవహారం. చరిత్ర చదివేవాళ్లకు మాత్రం ఆ పేజీలో అరవై ఏళ్ల వాడుక కనిపిస్తుంది. అందులో కొన్ని గడుల వెనక, ఒకప్పుడు ఎవరూ అడక్కుండానే తీగ తనంతట తాను ఇచ్చిన హామీలు ఉన్నాయి. నిశ్శబ్దానికి అర్థం ఉంటుందని ఒకటి, అవతల ఉన్నది ఒక్కరేనని ఒకటి, తీగ తెగితే తెలుస్తుందని ఒకటి, మాట్లాడుతున్న మనిషి అక్కడే ఉన్నాడని ఒకటి. మొదటి మూడింటినీ ఇంజనీర్లు పేజీలోకి శ్రద్ధగా ఎక్కించారు. నాలుగోదానికి గడి పెట్టి, అందులో ఏమీ రాయకుండా బజారుకు పంపారు. ఈ పెట్టెల విషయంలో తర్వాత బయటపడిన పెద్ద ప్రమాదాలకు మూలం ఆ ఖాళీ గడేనని నా వాదన.

ముందు ఆ పేజీ పైభాగంలోని మాటల పుట్టుక చూద్దాం. బాడ్ అన్న మాట ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోడో పేరు మీదుగా వచ్చింది. ఆయన ముద్రణ టెలిగ్రాఫుకు పేటెంటు పొందింది 1874లో. ఆర్‌ఎస్-232 అనే ప్రమాణాన్ని అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో తెచ్చింది. టెలిప్రింటర్‌నూ మోడెమ్‌నూ ఏ పిన్నుతో ఏ పిన్ను కలిపి, ఎన్ని వోల్టులతో మాట్లాడించాలో చెప్పడమే దాని ఉద్దేశం. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టేది. ఒక్కో అక్షరానికి ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది బిట్ల సమాచారం, రెండు స్టాప్ బిట్లు, వెరసి పదకొండు. అందుకే దాని వేగం 110 బాడ్. రెండు స్టాప్ బిట్లు ఎందుకంటే, ఒక అక్షరం కొట్టాక ఇనుప యంత్రాంగం మళ్లీ మొదటి స్థితికి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆ యంత్రాలు ఏనాడో పాత ఇనుములో కలిసిపోయాయి. స్టాప్ బిట్ 1 కావాలా 2 కావాలా అని కన్వర్టర్ పేజీ ఇవాళ్టికీ అడుగుతూనే ఉంది. రెండు సీరియల్ పరికరాలకు తమ వేగమెంతో ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటు ఆ ప్రమాణంలో లేదు. ఆ ఒప్పందం మనుషులే కుదర్చాలి, రెండు చివర్లా ఒకేలా సెట్ చేయాలి.

ఆ సెట్టింగు చాలాకాలం చేత్తో చేసే పని. పరికరం వెనకనో లోపలనో డిప్ స్విచ్‌లు, జంపర్లు ఉండేవి. వేగం మార్చాలంటే మూత విప్పి, సన్న స్క్రూడ్రైవర్‌తో గోరంత స్విచ్‌ను అటో ఇటో జరపాలి. అంటే మార్చే అధికారం, ఆ గదిలోకి రాగలిగినవాడికే. గది తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వాడే యజమాని; తీగకు వేరే తాళం అక్కర్లేదు. ఈ నమ్మకం ఎంత సహజంగా ఉండేదో మోడికాన్ కంపెనీ 1979లో ప్రకటించిన, పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ పద్ధతి చూస్తే తెలుస్తుంది. దాని సీరియల్ సందేశంలో ఉండేవి నాలుగే: ఏ పరికరానికి, ఏ పని, ఆ పనికి కావలసిన సమాచారం, చివర తప్పు పట్టే రెండు బైట్లు. అడుగుతున్నది ఎవరన్న చోటు అందులో లేదు. ఉండాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు, ఎందుకంటే తీగ అవతలి కొసన ఉండేది, అడిగే హక్కున్న ఒకే ఒక్క మాస్టర్. ఎవరని ప్రశ్నించనక్కర్లేదు, తీగ వెంబడి నడిచి వెళితే చాలు, మనిషి కనిపిస్తాడు.

సీరియల్ తీగను నెట్‌వర్క్‌కు కలపడం కన్వర్టర్‌తో మొదలు కాలేదు. 1971లోనే ఆర్పానెట్‌లో టిప్ అనే యంత్రం 63 టెర్మినళ్ల దాకా నెట్‌వర్క్‌కు కలిపేది. 1980ల్లో ఈథర్‌నెట్ ప్రమాణం స్థిరపడ్డాక టెర్మినల్ సర్వర్లు వచ్చాయి: ఒక గదిలోని డజను టెర్మినళ్లను ఒక పెట్టెకు కలిపి, అక్కడినుంచి ఒకే కేబుల్‌తో కంప్యూటర్ గదికి పంపడం. ఈ ఏర్పాటులో ఒక సంగతి గమనించాలి. సీరియల్ కొసన మనిషి ఉన్నాడు, నెట్‌వర్క్ కొసన కంప్యూటర్ ఉంది. ఎవరు నువ్వు అని ఆ కంప్యూటరే అడిగేది, లాగిన్ పేరు, పాస్‌వర్డు చూసి లోపలికి రానిచ్చేది. మధ్యలోని పెట్టెకు కాపలా పని లేదు. 1990ల్లో ఇదే పెట్టెను ఫ్యాక్టరీలు, సబ్‌స్టేషన్లు, ఆస్పత్రులు తీసుకున్నప్పుడు కొసలు తారుమారయ్యాయి. మనిషి నెట్‌వర్క్ వైపుకు మారాడు. సీరియల్ వైపుకు, ఎవరినీ ఏమీ అడగని యంత్రం వచ్చింది. పెట్టె స్వభావం మాత్రం అలాగే ఉండిపోయింది. కాపలా ఎవరి పనో తేల్చకుండానే పాత అలవాటు కొత్త చోటికి చేరింది. నాలుగో హామీ జారిపోయిన చోటు ఇదే.

వెబ్ పేజీ ఈ కథలోకి ఆఖరున వచ్చింది. గడులు నింపే ఫారాలు హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో చేరింది 1995లో. సొంత నెట్‌వర్క్‌ల కోసం 192.168 లాంటి అడ్రసులను విడిగా కేటాయించిన ఆర్‌ఎఫ్‌సీ 1918 వెలువడింది 1996లో. ఎనిమిది బిట్ల చిన్న చిప్పులో కూడా టీసీపీ/ఐపీ నడిపించవచ్చని స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ 2001 ప్రాంతంలో యూఐపీ అనే ప్రోగ్రాముతో చూపించాడు. లాంట్రానిక్స్ కంపెనీ 2003లో తెచ్చిన ఎక్స్‌పోర్ట్ అయితే మొత్తం కన్వర్టర్‌ను, దాని వెబ్ పేజీతో సహా, నెట్‌వర్క్ సాకెట్ అంత జాగాలో ఇమిడ్చింది. అంతకుముందు పద్ధతి చూస్తే పేజీ విలువ అర్థమవుతుంది. కొన్ని పెట్టెలకు ఐపీ అడ్రసు ఇవ్వాలంటే, పెట్టె కింద అచ్చువేసిన పన్నెండు అంకెల హార్డ్‌వేర్ అడ్రసును చూసి, కంప్యూటర్‌లో ఐపీ అడ్రసులను హార్డ్‌వేర్ అడ్రసులతో జతపరిచే ఏఆర్‌పీ కమాండ్‌తో దానికి మనకు కావలసిన ఐపీని ముడిపెట్టి, ఒకటో నంబరు పోర్టుకు టెల్‌నెట్ కొట్టాలి. కనెక్షన్ కుదరదు, కానీ ఆ ప్రయత్నంతోనే పెట్టె ఆ అడ్రసును తాత్కాలికంగా తీసుకుంటుంది. ఆ తర్వాత 9999 పోర్టులోకి వెళ్లి మెనూలో నంబర్లు నొక్కుతూ దాన్ని ఖాయం చేయాలి. తంటా ఎక్కువే. అయితే ఏఆర్‌పీ రూటర్ దాటి పోదు. అంటే కనీసం ఆ మొదటి అడుగుకైనా మనిషి అదే నెట్‌వర్క్ మీద ఉండాలి. పేజీ వచ్చాక, అడ్రసు అందుబాటులో ఉంటే చాలు, ఎక్కడున్నా ఒకటే.

ఇక హామీల సంగతి. మొదటిది నిశ్శబ్దం. మోడ్‌బస్ సీరియల్ రూపమైన ఆర్‌టీయూలో ఒక సందేశం ముగిసిందని చెప్పే ప్రత్యేక గుర్తేమీ లేదు; కనీసం మూడున్నర అక్షరాలు పట్టేంత సేపు తీగ మౌనంగా ఉంటే సందేశం అయిపోయినట్టు లెక్క. 9600 బాడ్ వేగంలో, అక్షరానికి పదకొండు బిట్ల చొప్పున, ఆ మౌనం సుమారు 4 మిల్లీసెకన్లు. తీగ మీద మౌనం మౌనంగానే చేరుతుంది. టీసీపీలో అలా కాదు. అక్కడ బైట్ల వరుస మాత్రమే భద్రంగా చేరుతుంది, వాటి మధ్య కాలం చేరదు. ఒక సందేశం రెండు ముక్కలుగా చేరవచ్చు, రెండు సందేశాలు అంటుకుని ఒకటిగా చేరవచ్చు. తీగ అప్పనంగా మోసిన ఆ కాలాన్ని ఇప్పుడు అంకెల్లో రాయాలి. అందుకే పేజీలో ఎంతసేపు మౌనం ఉంటే పోగైనదాన్ని ప్యాకెట్‌గా కట్టి పంపాలి, ఎన్ని బైట్లు చేరితే పంపాలి, ఏ అక్షరం కనబడితే పంపాలి అని అడిగే గడులు పుట్టాయి. అనుభవం లేనివాళ్లు వీటిని సున్నా దగ్గరే వదిలేస్తారు. అప్పుడప్పుడూ మాత్రమే తప్పే రీడింగు కోసం రోజుల తరబడి కేబుళ్లు మారుస్తూ వెతుకుతారు.

రెండో హామీ, మూడో హామీ జంటగా నడుస్తాయి. ఆర్‌ఎస్-232 తీగకు రెండే కొసలు. ఒక కంప్యూటర్ పోర్టు తెరిస్తే ఇంకో కంప్యూటర్‌కు అక్కడ చోటు లేదు. తీగ ఊడినా, అవతలి పరికరం ఆగిపోయినా, సిద్ధంగా ఉన్నానని చెప్పే పిన్ను మీద వోల్టేజీ పడిపోయి ఇవతలికి తెలుస్తుంది. నెట్‌వర్క్ మీద ఒకే పోర్టుకు ఎందరైనా రాగలరు కాబట్టి, పేజీలో ఎన్ని కనెక్షన్లు అనుమతించాలన్న గడి పెట్టారు. మామూలుగా అందులో 1 అని ఉంటుంది. దీనితో ఒక చిక్కు వచ్చింది. ఆఫీసులో కరెంటు పోయి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే, కనెక్షన్ ముగిసిందన్న కబురు పెట్టెకు చేరదు. పాత కనెక్షన్ బతికే ఉందనుకుని, మళ్లీ మొదలైన అదే కంప్యూటర్‌ను లోపలికి రానివ్వదు. అందుకని, ఇన్ని నిమిషాలు అవతలినుంచి జవాబు లేకపోతే కనెక్షన్ తెంచెయ్యి అనే ఇంకో గడి చేర్చారు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2217 కూడా ఈ దారిలోదే: బాడ్ రేటు, పారిటీ, కంట్రోల్ పిన్నుల స్థితి టెల్‌నెట్ గుండా అటూ ఇటూ చెప్పుకునే పద్ధతిని అది రాతలో పెట్టింది. తీగ చేసే పనుల్లో ఏది పోయినా అది వెంటనే పనికి అడ్డం పడేది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసేవారు, కొత్త గడి పుట్టేది. మూడు హామీలు రాతలోకి ఎక్కింది అలా.

నాలుగోది పోతే పనేమీ ఆగదు. అక్కడే ఉంది తేడా. మనిషి అక్కడే ఉన్నాడన్న హామీ పోయినా రీడింగులు వస్తూనే ఉంటాయి, లారీలు తూగుతూనే ఉంటాయి. పైగా పాస్‌వర్డు పెడితేనే పనికి అడ్డం: పెట్టినవాడు ఉద్యోగం మారితే పెట్టె తెరుచుకోదు. అందుకే చాలా కాలం ఎన్నో పెట్టెలు ఖాళీ పాస్‌వర్డుతోనో, అందరికీ తెలిసిన అడ్మిన్-అడ్మిన్ జంటతోనో బజారుకు వచ్చాయి. పెట్టె పక్కన సన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ కూడా ఈ మాటే చెబుతుంది. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డుతో సహా అన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళతాయి. అంటే పెట్టె తయారుచేసినవాళ్ల దృష్టిలో ఎదురుగా నిలబడ్డవాడే ఇప్పటికీ అసలు యజమాని. పేజీ అతనికి చేసిన సౌకర్యం మాత్రమే. ఆ సౌకర్యం ఎదురుగా లేనివాడికి కూడా సమానంగా అందుతుందన్న సంగతి మాత్రం లెక్కలోకి రాలేదు.

దాని ఫలితానికి రెండు సాక్ష్యాలు చాలు. 2013లో రాపిడ్7 సంస్థ పరిశోధకుడు హెచ్.డి. మూర్, ఇంటర్నెట్ మొత్తం మీద చేసిన స్కానింగుల సమాచారం పరిశీలించి, రెండు కంపెనీల సీరియల్ పోర్టు సర్వర్లే 1,14,000కు పైగా బయటికి కనిపిస్తున్నాయని ప్రకటించాడు. పాస్‌వర్డు అడక్కుండానో, ఎవరో లాగిన్ అయి అలాగే వదిలేసిన స్థితిలోనో అధికారి స్థాయి ప్రవేశం ఇస్తున్న సీరియల్ పోర్టులు 13,000కు పైగా తేలాయి. లాగిన్ అయి వదిలేయడం ఎలా సాధ్యమైందో ఆలోచిస్తే చరిత్ర మొత్తం అక్కడే ఉంది: నెట్‌వర్క్ కనెక్షన్ తెగినా సీరియల్ తీగ తెగలేదు, కాబట్టి అవతలి యంత్రానికి మనిషి వెళ్లిపోయాడని తెలియలేదు. రెండో సాక్ష్యం ఉక్రెయిన్. 2015 డిసెంబరు 23న మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద జరిగిన సైబర్ దాడిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలు కరెంటు పోయింది. దాడి చేసినవాళ్లు బ్రేకర్లు తెరవడంతో ఆగలేదు. సబ్‌స్టేషన్లలోని సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను, అంటే పెట్టెను నడిపే ప్రోగ్రామును, చెరిపి పనికిరానిది ఎక్కించారు. దాంతో కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే ఆదేశాలు బ్రేకర్లకు చేరే దారి మూసుకుపోయింది. సిబ్బంది బండ్లు వేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో స్విచ్‌లు వేసి కరెంటు ఇచ్చారు.

దీనికి ఒక అభ్యంతరం సహజం. ఉక్రెయిన్‌లో దాడి చేసినవాళ్ల దగ్గర దొంగిలించిన అసలు లాగిన్‌లే ఉన్నాయి. అలాంటప్పుడు కన్వర్టర్‌కు పాస్‌వర్డు ఉన్నా ఒరిగేదేముంది, తప్పు ఆఫీసు నెట్‌వర్క్‌ది కదా అనవచ్చు. కొంతవరకు నిజమే. అయితే నేనంటున్నది పాస్‌వర్డు ఒక్కటీ ఉంటే అన్నీ సర్దుకునేవని కాదు. పరికరం పనిచేసే దారిలోనే పరికరం స్వభావాన్ని మార్చే దారి కూడా ఉండటం, ఆ రెంటి మధ్య మనిషి ఉనికిని అడిగే మెట్టు లేకపోవడం అసలు విషయం. ఫర్మ్‌వేర్ మార్చడానికి పెట్టె మీది స్విచ్ కూడా జరపాలన్న నియమం ఉండి ఉంటే, దూరంనుంచి వచ్చినవాడు బ్రేకర్ తెరవగలిగేవాడేమో గానీ పెట్టెను చంపగలిగేవాడు కాదు. మరో మాట అంటారు: వాడేవాళ్ల అజాగ్రత్తకు చరిత్రను బాధ్యురాలిని చేయడమెందుకు? ఒకరిద్దరు మర్చిపోతే అజాగ్రత్త అనవచ్చు. వేల చోట్ల, వేరువేరు దేశాల్లో, వేరువేరు పరిశ్రమల్లో ఒకే గడి ఖాళీగా ఉందంటే అది వృత్తి అలవాటు. అలవాటుకు కారణం వెతకాల్సింది చరిత్రలోనే.

ఇంకా బలమైన అభ్యంతరం మోడెమ్‌ది. టెలిఫోన్ లైను మీద ఎవరైనా డయల్ చేసి సీరియల్ పోర్టు దాకా రాగలిగేవారు. 1983 నాటికే హాలీవుడ్ ‘వార్‌గేమ్స్’ సినిమా ఆ భయం మీద నడిచింది. మరి తీగ హామీ అప్పుడే పోయింది కదా? పోయింది, కానీ ఆ పోవడం అందరికీ కనిపించింది. ఫోన్ నంబరు బయటి లోకానికి తెరిచిన తలుపని ఆఫీసులకు తెలుసు. అందుకే లాగిన్‌లు పెట్టారు, ఫోన్ చేసినవారికి తిరిగి ఫోన్ చేసి కలిపే మోడెమ్‌లు వాడారు. పైగా మామూలుగా డయల్ చేసి వచ్చినవాడు లైను వాడుకోగలడే గానీ, అవతలి డిప్ స్విచ్‌లను జరపలేడు. కన్వర్టర్ విషయంలో ప్రమాదం ఇంత స్పష్టంగా కనిపించలేదు. దాన్ని పెట్టినవాళ్లు బయటికి తలుపు తీస్తున్నామనుకోలేదు. పొట్టి తీగను కాస్త పొడుగు చేస్తున్నామనుకున్నారు. ఆ పెట్టెల అమ్మకమే ఆ మాట మీద సాగింది: మీ పాత సాఫ్ట్‌వేర్ మార్చనక్కర్లేదు, కంప్యూటర్‌లో ఒక కామ్ పోర్టు కనిపిస్తుంది, మిగతాదంతా మామూలే. ఆ మామూలులోనే పాత నమ్మకం కూడా వెంట వచ్చింది.

ఈ మాట మన వేబ్రిడ్జీల దగ్గర ఇంకా స్పష్టపడుతుంది. రైస్ మిల్లులోనో జిన్నింగ్ మిల్లులోనో కాటా గదిలోని ఇండికేటర్ బరువును సీరియల్ పోర్టు గుండా వరసగా పంపుతూ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని చదివి చీటీ ముద్రిస్తుంది. ఆర్‌ఎస్-232 తీగకు మామూలుగా చెప్పే హద్దు 15 మీటర్లు. ఆఫీసు అంతకంటే దూరమైతే కన్వర్టర్ కావాలి. తూనికలు కొలతల శాఖ కాటాను పరీక్షించి సీలు వేస్తుంది, ఆ సీలు తెంపకుండా సర్దుబాటు మార్చడానికి వీల్లేకుండా. మనిషి ఎదురుగా వచ్చి చెయ్యి పెడితే ఆనవాలు మిగలాలన్న పాత జ్ఞానం ఆ సీసపు ముద్దలో ఉంది. బరువు అంకె కాటా దాటి కన్వర్టర్‌లోకి వచ్చాక ఆ జ్ఞానం వెంట రాదు. కన్వర్టర్ పేజీలో గమ్యం అడ్రసు మారిస్తే సీలు తెగదు. ఎవరు మార్చారన్న జాడ చాలా పెట్టెల్లో మిగలదు. రైతుకు చేరే డబ్బు ఆ అంకె మీదే ఆధారపడుతుంది కాబట్టి, దాన్ని మోసే పెట్టెకు కాపలా లేకపోవడం చిన్న విషయం కాదు.

అలాగని వెబ్ పేజీ వద్దు, డిప్ స్విచ్‌లకే తిరిగి పోదామనడం సరికాదు. పేజీ చేసిన మేలు పెద్దది. ప్రతి కంపెనీ సొంత విండోస్ ప్రోగ్రాము కోసం సీడీలు వెతుక్కునే రోజులు పోయి, ఏ కంప్యూటర్ నుంచైనా సెట్టింగులు కంటితో చదవగలిగే వీలు వచ్చింది. ఆ మేలూ శాశ్వతమేమీ కాదు. కొన్ని తొలి పెట్టెల పేజీలు జావా ఆప్లెట్‌గా వచ్చేవి. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ ప్లగిన్ల మద్దతు తీసేశాక ఆ పేజీలు కొత్త బ్రౌజర్లలో తెరుచుకోలేదు. వాటి సీరియల్ పోర్టులు మాత్రం నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నాయి. కాబట్టి చూడాల్సింది పేజీ ఎంత సుళువుగా ఉందన్నది కాదు, తీగ ఇచ్చిన నాలుగు హామీలనూ రాసుకుందా లేదా అన్నది. కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం ఒకటి 2020 జనవరి 1 నుంచి, నెట్‌వర్క్‌కు తగిలే పరికరానికి ప్రతిదానికీ వేరే పాస్‌వర్డుండాలని, లేదా మొదటిసారి తెరిచినప్పుడే వాడేవాడిచేత కొత్తది పెట్టించాలని నిర్దేశించింది. ఖాళీ గడిని చట్టమే నింపమన్నదన్నమాట. మిగతాది పెట్టె బిగించేవాళ్ల చేతిలో ఉంది. సెట్టింగు పూర్తయ్యాక వెబ్ పేజీని ఆపేసే గడి, ఏ ఏ అడ్రసులనుంచి రావచ్చో రాసుకునే జాబితా చాలా కన్వర్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. బాడ్ రేటు తప్పు పెడితే బరువుకు బదులు చెత్త అక్షరాలు వచ్చి తప్పు ఆ క్షణమే బయటపడుతుంది. ఈ రెండు గడులు తప్పు పెడితే ఏళ్ల తరబడి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పనికి అడ్డం పడని లోపాన్ని ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి, దాన్ని పని అప్పగించే రోజునే, బాడ్ రేటుతో పాటు సరిచూసే అంశంగా వృత్తి వాడుకలోకి తేవాలి.